మూడు యూరోల ఎక్లేర్

ఈ వారం చుండూరు తీర్పుల గురించి రాస్తానని పోయిన ఆదివారం మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నా. పూర్తిగా తప్పడం లేదు, చుండూరు ఇందులోనూ వస్తుంది. మధ్యలో నేనొక పొరపాటు చేశాను. అది ఒప్పుకోకుండా మీకు చరిత్ర పాఠం చెప్పడం నాకే నామోషీగా ఉంది.

నాదెండ్లలో మా వాడ పిల్ల ఒకమ్మాయి డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివింది. ఇప్పుడు ఫ్రాన్సులో, లియోన్‌లో ఎం.ఎస్. చేస్తోంది. వాళ్ళ నాన్న మిరప టిక్కీలు మోస్తాడు. అమ్మ కోతలకి పోతుంది. కొంత స్కాలర్‌షిప్, మిగతాది అప్పు. మా వాడలో విమానం ఎక్కిన రెండో మనిషి ఆ పిల్ల. (మొదటి మనిషి కువైట్‌కి వంట పనికి పోయిన మా పిన్ని.)

డిసెంబర్లో ఆ పిల్ల వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టింది. చిన్న అట్టపెట్టె, అందులో జానెడు పొడుగున్న మెత్తటి రొట్టె లాంటిది, పైన చాక్లెట్ పూత, లోపల క్రీము. దాన్ని ఎక్లేర్ అంటారట. పక్కన ధర కూడా రాసింది, 3 యూరోలు. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మనోళ్ళ గ్రూపులో పడేశారు. "స్కాలర్‌షిప్పులు కేకులు తినడానికా?" అని ఒకరు. "అక్కడికి పోగానే వాడ మర్చిపోయింది" అని ఇంకొకరు. ఇలా ఒక నలభై మెసేజీలు. రాసినవాళ్ళంతా మనోళ్ళే, ఉద్యమంలో నాతో పాటు తిరిగినవాళ్ళే.

నేను గ్రూపులో ఏమీ అనలేదు. అంతకంటే ఘోరం చేశాను. ఆ పిల్లకి విడిగా వాయిస్ మెసేజ్ పెట్టాను, నాలుగు నిమిషాలు. లండన్‌లో బాబాసాహెబ్ రొట్టె ముక్కతో రోజులు గడిపిన కథ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే బాగుందనిపించింది కూడా.

ఆ పిల్ల స్టేటస్ తీసేసింది. మూడు వారాలు పలకలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది. "మేడం, అది నేనే కొనుక్కున్నా. బాగుంది. మళ్ళీ కొనుక్కుంటా. బాబాసాహెబ్ అంత ఆకలితో ఉన్నది నేను కూడా ఉండాలనా?" దాని కిందే ఇంకోటి. "క్రీములో నల్లగా చుక్కలు ఉంటాయి, వనిల్లా గింజలంట. పెట్టె మీద బూర్బాన్ వనిల్లా అని రాశారు. బూర్బాన్ అంటే ఏంటి మేడం?"

మొదటి ప్రశ్నకి సిగ్గుపడ్డాను. రెండో ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోయి యానాం రేవులో తేలాను. ఈ వ్యాసం ఆ రెండిటి గురించే.

ముందు బాబాసాహెబ్ సంగతి. ఆయన 1913 జూలైలో న్యూయార్క్‌లో దిగేనాటికి వయసు 22. బరోడా మహారాజు ఇచ్చే స్కాలర్‌షిప్ నెలకి పదకొండున్నర పౌన్లు, మూడేళ్ళు. బదులుగా పదేళ్ళు సంస్థానంలో కొలువు చేస్తానని కాగితం రాసిచ్చారు. ఆ డబ్బులోనే ఇంటికి పంపాలి. ఆ డబ్బులోనే న్యూయార్క్ పాత పుస్తకాల షాపుల్లో దాదాపు రెండు వేల పుస్తకాలు కొన్నారు. 1916లో లండన్ వెళ్ళారు. మరుసటి ఏడే స్కాలర్‌షిప్ అయిపోయి చదువు సగంలో వదిలేసి రావాల్సి వచ్చింది.

రొట్టె ముక్క కథ ఆ తర్వాతది. 1920లో ఆయన మళ్ళీ లండన్ వెళ్ళారు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నావల్ భథేనా దగ్గర తీసుకున్న అప్పు, ఇవీ ఆయన జేబులో ఉన్నవి. బస ఇచ్చిన ఇంట్లో పొద్దున పెట్టేది ఒక బ్రెడ్ ముక్క, కాస్త జామో చేపో, ఒక కప్పు బోవ్రిల్. బోవ్రిల్ అంటే గొడ్డుమాంసం సారాన్ని వేడినీళ్ళలో కలిపి తాగే చారు. అది తాగి బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి పోతే మధ్యాహ్నం తిండి మాటే లేదు. రాత్రి పది దాటాక ఆకలి ఆగక, తెలిసినవాళ్ళు బొంబాయి నుంచి తెచ్చిచ్చిన అప్పడాలు రేకు మీద కాల్చుకుని, ఒక కప్పు పాలతో తినేవారు. ఆ కడుపుతోనే 1921లో ఎం.ఎస్సీ., 1922లో బారిస్టర్, 1923లో డి.ఎస్సీ.

ఈ కథ మీకు తెలిసిందే. హాస్టల్ మీటింగుల్లో నేను ఓ యాభైసార్లు చెప్పుంటాను. ఒక సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి ఆ ఆకలి ఇష్టం లేదు. ఆ ఇంటావిడ పిసినారితనం మీద ఆయనకి ఏళ్ళ తర్వాత కూడా కోపం పోలేదు. అది వ్రతం కాదు, ఉపవాస దీక్ష కాదు. డబ్బు లేదు, అంతే. చేతికి నాలుగు డబ్బులు వచ్చాక ఏం చేశారో చూడండి. మంచి సూట్లు కుట్టించుకున్నారు. మంచి పెన్నులు కొన్నారు. దాదర్‌లో పుస్తకాల కోసమే అన్నట్టు రాజగృహ కట్టారు. పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. బట్ట విప్పేసి పేదవాడిలా కనిపించడం గాంధీకి కుదిరింది, ఎందుకంటే ఆయనకి విప్పడానికి ముందు బట్ట ఉంది. బాబాసాహెబ్ సూటు వేసుకోవడమే వార్త.

ఆ ఆకలిని మనం ఇప్పుడు పిల్లల మెడకి కడుతున్నాం. నేను కట్టాను.

ఇంకోటి. ఆయన ఆత్మకథలా రాసుకున్న చిన్న పుస్తకం 'వీసా కోసం నిరీక్షణ'లో, యూరప్, అమెరికాల్లో గడిపిన ఏళ్ళు తను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి తుడిచేశాయని చెప్తారు. తిరిగొచ్చి బరోడా స్టేషన్లో దిగాక, ఎక్కడ ఉండాలి, ఎవరు చోటిస్తారు అన్న ప్రశ్నతో మళ్ళీ గుర్తొచ్చింది. ఒక పార్సీ సత్రంలో పేరు దాచుకుని ఉంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. కొలంబియా చదువు, లండన్ చదువు ఏవీ అడ్డు పడలేదు. ఇది చదివినప్పుడల్లా నేను వెళ్ళగొట్టిన పూట గురించే ఆలోచించేదాన్ని. ఇప్పుడు దానికి ముందు ఏళ్ళ గురించి ఆలోచిస్తున్నా. న్యూయార్క్‌లో ఒక బల్ల ముందు కూర్చుని, పక్కవాడు కులం అడగకుండా ప్లేటు ఇటు జరిపితే, అందులో ఏమున్నా అది ఎలా ఉండి ఉంటుంది?

తెలుగు సాహిత్యం నా సబ్జెక్టు కాబట్టి ఒక మాట. విదేశం పోయి తిండికి ఇబ్బంది పడటం మన సాహిత్యంలో హాస్య వస్తువు. 1924లో మొదటి భాగం వచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' చదివి నవ్వనివాళ్ళు లేరు, నేనూ నవ్వాను. మొగల్తూరు బ్రాహ్మణ కుర్రాడు సీమకి పోతూ పడే అవస్థలు. అంతకు ముందు 1888లో గాంధీ లండన్ పోతుంటే సముద్రం దాటుతున్నాడని కులపెద్దలు వెలేశారు, మాంసం ముట్టనని అమ్మకి ఒట్టేసి పోయాడు. ఆ ప్రయాణాల్లో భయమంతా ఏది తింటే మడి పోతుందోనని. మనోళ్ళ ప్రయాణంలో ఆ భయమే లేదు. పోవడానికి మడి లేదు. తినడానికి దొరుకుతుందా, దొరికితే తినే హక్కు ఉందా అన్నదే మన భయం. ఆ మాట ఏ హాస్య నవలా రాయలేదు.

'తినే హక్కు' అంటే పెద్ద మాటలా ఉందా? ఇక్కడే చుండూరు. 1991 జూలై 4న ఒక సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటు రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. నెల తిరిగాక, ఆగస్టు 6న, ఎనిమిది మందిని నరికి చంపారు. కాలువలో తేలాయి శవాలు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. భూమి అడిగినందుకు కాదు, కూలి పెంచమన్నందుకు కాదు. టిక్కెట్టు కొనుక్కుని, కాలు చాపుకుని, సినిమా చూస్తున్నందుకు. మన పేదరికాన్ని వాళ్ళు భరించగలరు. భరించలేనిది మన సరదా. మరి ఎక్లేర్ ఫోటో కింద మనం రాసిన నలభై మెసేజీలు ఎవరి గొంతు? అవి నాకు రాత్రిళ్ళు గుర్తొస్తున్నాయి.

ఇక బూర్బాన్.

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్ పక్కన చిన్న ఫ్రెంచ్ దీవి ఉంది. ఇప్పుడు పేరు రియూనియన్. రాజుల కాలంలో దాని పేరు బూర్బాన్. ఆ పేరు వనిల్లాకి అంటుకుని మిగిలిపోయింది. వనిల్లా అసలు మెక్సికో తీగ. దాని పువ్వుకి పరాగం అందించే తేనెటీగలు ఆ దేశం దాటి రాలేదు. 1820 ప్రాంతంలో ఫ్రెంచివాళ్ళు తీగ తెచ్చి బూర్బాన్‌లో నాటారు. ఇరవై ఏళ్ళు తీగ పాకింది, అప్పుడప్పుడు పూసింది, కాయ మాత్రం కాయలేదు. 1841లో సెంట్ సుజాన్ అనే ఊళ్ళో ఎడ్మండ్ అనే బానిస పిల్లవాడు, పన్నెండేళ్ళవాడు, సన్నటి పుల్లతో పువ్వు లోపలి పొరని పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని నొక్కి పెట్టాడు. కాయ కాసింది. యజమాని ఆ పిల్లవాణ్ణి తోటతోటకీ తిప్పి మిగతా బానిసలకి నేర్పించాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా వనిల్లాని చేత్తో ఇలాగే కాయిస్తారు.

ఆ పిల్లవాడు పుట్టగానే తల్లి పోయింది. ఇంటిపేరు లేదు, బానిసలకి ఇంటిపేర్లు ఉండేవి కావు. 1848లో బానిసత్వం రద్దయినప్పుడు ఆల్బియస్ అని పెట్టారు. లాటిన్‌లో 'ఆల్బస్' అంటే తెలుపు. నల్ల పిల్లవాడికి ఆ పేరు పెట్టినవాళ్ళ మనసులో ఏముందో మీరే అనుకోండి. తర్వాత దొంగతనం కేసులో జైలుకి పోయాడు. ఒక తెల్ల వృక్షశాస్త్రవేత్త ఆ పద్ధతి తానే నేర్పానని పేపర్లకెక్కాడు. పాత యజమాని మాత్రం కనిపెట్టింది ఎడ్మండేనని నిలబడ్డాడు, జైలు నుంచి ముందే విడిపించమని అర్జీ కూడా పెట్టాడు. అది ఒప్పుకోవాలి. కానీ వనిల్లా డబ్బులో ఎడ్మండ్‌కి రాగి పైసా రాలేదు. 1880లో పేదవాడిగానే చచ్చిపోయాడు. ఏకలవ్యుడి బొటనవేలు గురించి మనం ఎన్ని కవితలు రాసుకున్నాం! బొటనవేలు కోసెయ్యకుండా, దానితోనే పని చేయించుకుని, ఫలం మొత్తం పట్టుకుపోయిన కథ ఇది.

క్రీములో తీపి సంగతి ఇంకా పాతది. ఫ్రెంచ్ మిఠాయిల వైభవమంతా చక్కెర మీద లేచింది, ఆ చక్కెర బానిసల మీద. ఇప్పటి హైతీ అప్పట్లో సెంట్ డొమింగ్ అనే ఫ్రెంచ్ వలస. 1780ల్లో ఫ్రాన్సు, బ్రిటన్ దిగుమతి చేసుకునే చక్కెరలో 40 శాతం దాకా అక్కడిదే. దాదాపు ఐదు లక్షల మంది బానిసలు. 1791లో వాళ్ళు తిరగబడ్డారు, 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు యుద్ధ నౌకలు పంపి, పోయిన 'ఆస్తి'కి నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తిలో మనుషులు కూడా లెక్కే. తర్వాత 9 కోట్లకి తగ్గించారు. దానికోసం చేసిన అప్పులు 1947 దాకా తీరుతూనే ఉన్నాయి. తిరగబడి గెలిచినవాడే యజమానికి డబ్బు కట్టాడు. హైతీ ఎకనామిక్స్ వాళ్ళ పాఠం, మనం చదవం.

(ఎక్లేర్‌ని కరేమ్ అనే వంటవాడు మొదలుపెట్టాడంటారు. ఫ్రెంచ్ విప్లవ కాలంలో కన్నవాళ్ళు పారిస్ వీధిలో వదిలేసిన పిల్లవాడు. మిఠాయి కొట్టులో పనికి కుదిరి, ఖాళీ దొరికితే నేషనల్ లైబ్రరీలో కూర్చుని భవనాల బొమ్మలు చూసి, అవే పంచదారతో కట్టేవాడు. చివరికి రాజుల వంటవాడయ్యాడు. నాకు నచ్చిన మనిషి. ఆ పంచదార ఎవరు నరికిన చెరుకో ఆయనకి తెలియదు, అంతే.)

హైతీ చేజారాక ఫ్రాన్సుకి చక్కెర ఎక్కణ్ణుంచి? బూర్బాన్ దీవి కాఫీ తోటలు కొట్టేసి చెరుకు వేసింది. బానిసల రవాణా చట్టప్రకారం ఆగిపోతోంది. చేతులు కావాలి. ఆ చేతుల కోసం ఫ్రెంచివాళ్ళు చూసింది మన గోదావరి వైపు.

యానాం అప్పటికి వందేళ్ళుగా ఫ్రెంచివాళ్ళ ఠాణా. 1828లో యానాం నుంచి 'లా తుర్క్వాజ్' అనే ఓడలో పదిహేను మంది కూలీలు బూర్బాన్ పోయారు. ఫ్రెంచ్ కాగితాల్లో వాళ్ళని 'తెలింగాలు' అని రాశారు. అంటే మనమే. ఒప్పంద కూలీలుగా ఆ దీవికి పోయిన మొదటి భారతీయులు వీళ్ళేనంటారు. మారిషస్‌కీ కరీబియన్‌కీ పోయిన లక్షల మంది కథ దీని తర్వాతదే. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పదిహేను మంది మూడు వేలు దాటారు. బానిసల్ని కొట్టడం అలవాటైన దొరలు వీళ్ళనీ అలాగే చూశారు. చెప్పిన జీతం, తిండి అందక గొడవలు లేచాయి. చాలామంది కొన్నేళ్ళకే తిరుగుముఖం పట్టారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి ఎక్కువ తమిళ దేశం నుంచి. లక్ష మందికి పైగా పోయారు.

ఆ తెలింగాలంతా మాలమాదిగలే అని రాస్తే మీరు లైకులు కొడతారు. అది నిజం కాదు. ఓడ ఎక్కినవాళ్ళలో అన్ని కులాల పేదలూ ఉన్నారు, మనోళ్ళూ ఉన్నారు. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రాలు భయపెట్టిన కాలంలో, పోగొట్టుకోవడానికి కులం లేనివాడికి ఓడ ఎక్కడం ఎంత తేలికో ఆలోచించండి. ఇంట్లో గింజ లేకపోతే ఇంకా తేలిక. ఆ ఓడ పోయిన నాలుగేళ్ళకి, 1832-33లో, మన గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అంటారు. సీమ జనాభాలో మూడో వంతు దాకా పోయారంటారు. నాదెండ్ల అప్పుడు ఆ సీమలోదే. చచ్చినవాళ్ళలో కూలి మీద బతికే వాడల వంతు ఎంత ఉంటుందో లెక్క రాసినవాడు లేడు. బతికి నడవగలిగినవాళ్ళు నడిచారు. కొరింగ రేవు నుంచి మారిషస్‌కి తెలుగు కూలీల ఓడలు పోయింది ఆ తర్వాతి ఏళ్ళలోనే.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. తెలింగాలు బూర్బాన్‌లో దిగింది 1828. వనిల్లా పిల్లవాడు ఎడ్మండ్ అదే దీవిలో పుట్టింది 1829. వాడు పుట్టేనాటికి చుట్టూ చెరుకు తోటల్లో తెలుగు వినపడుతోంది. మా పిల్ల లియోన్‌లో కొనుక్కున్న ఎక్లేర్‌లో వనిల్లా వాడిది, చక్కెర మనోళ్ళది. ఇప్పుడు ఫ్రాన్సులో చక్కెర బీట్‌దుంప నుంచి వస్తుంది, వనిల్లా ఎక్కువగా మడగాస్కర్‌ది, ఆ సంగతి తెలుసు. నేను మాట్లాడేది ఆ రుచిని కట్టినవాళ్ళ గురించి.

ఈ చరిత్ర చదవడానికి విదేశం పోదామనుకునే మన పిల్లలకి ఒక కబురు. 1954లో మొదలైన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకి. 2022లో నిబంధనలు మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక పరిశోధన చేసేవాళ్ళకి ఆ డబ్బు ఇవ్వరు. అంటే కులం మీద పరిశోధనకి సర్కారు డబ్బుతో మన పిల్ల కొలంబియా పోలేదు. 1916లో కొలంబియాలో కులాల పుట్టుక మీద పేపరు చదివిన కుర్రాడు ఇవాళ దరఖాస్తు పెట్టుకుంటే తిరిగొస్తుంది. గ్రూపులో నలభై మెసేజీలు రాయదలిస్తే దీని మీద రాయండి.

ఆ పిల్లకి ఇదంతా రాసి పంపాను. ముందు సారీ చెప్పాను, తర్వాత ఎడ్మండ్ గురించి, తెలింగాల గురించి. జవాబుగా ఇంకో ఫోటో వచ్చింది. ఈసారి పొరలు పొరలుగా ఉన్నది. అది చూడగానే నవ్వొచ్చింది. చిలకలూరిపేట బస్టాండు ఎదురుగా బేకరీలో మనం తినే ఎగ్ పఫ్ ఉంది చూడండి, ఆ పొరలు మడిచే పద్ధతి ఇదే. దొరల బేకరీల్లోంచి దిగి, కోడిగుడ్డూ ఉల్లిపాయ మసాలా కలుపుకుని మన దగ్గరికి వచ్చింది. డిగ్రీ రోజుల్లో నా బస్సు డబ్బుల్లో సగం దానికే పోయేవి. ఎవరూ ఫోటో తియ్యలేదు కాబట్టి బతికిపోయాను.

మొన్న సాయంత్రం వాళ్ళమ్మ కల్లం దగ్గర కనిపించింది. కాయలు ఏరుతోంది, చేతులు మంటెత్తి మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఫోటో చూపించాను. అట్టపెట్టెని వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది.

"ఇది మన పిల్ల తిన్నదేనా?"

"ఆఁ, అదే."

"గుడ్డేస్తారా అందులో?"

"వేస్తారు."

"ఎంతంట?"

చెప్పాను. మూడు వందలు అవుతుందని రూపాయల్లో కూడా చెప్పాను. కాసేపు లెక్కేసుకుంది. ఆమె రోజు కూలికి కొంచెం తక్కువ.

"ఒకటే తిన్నదా?" అంది.

వచ్చే ఆదివారం చుండూరు. జై భీమ్.